పాత డెస్క్‌టాప్‌కి 8 జీబీ ర్యామ్: నాలుగేళ్లు వాడాక

మా ఇంట్లో 2012లో కొన్న డెస్క్‌టాప్‌కి ర్యామ్ (పని నడిచేటప్పుడు కంప్యూటర్ వాడుకునే తాత్కాలిక మెమరీ) 2 జీబీ నుంచి 8 జీబీకి పెంచి నాలుగేళ్లు దాటింది. మాది అమలాపురం పక్క పల్లె. కొబ్బరి దింపుల లెక్కలు, అంబాజీపేట మార్కెట్‌కి తోలిన కాయల లెక్కలు, కూలీల చెల్లింపులు అన్నీ ఆ మిషన్‌లోనే ఉంటాయి. పెట్టిన డబ్బుకి ఇంత సుఖం ఇచ్చిన వస్తువు మా ఇంట్లో ఇంకోటి లేదు. అయితే ఈ సుఖం దక్కేలోపు ఒకసారి డబ్బు పోయింది, ఇంకోసారి లెక్కలు పోయాయి. పాత మిషన్లు ఉన్నవాళ్లకి ఆ రెండు నష్టాలూ తప్పాలనే ఇంత వివరంగా రాస్తున్నాను.

మాది ఇంటెల్ ఐ3-2120 ప్రాసెసర్, హెచ్61 రకం మదర్‌బోర్డు. ర్యామ్‌కి రెండే స్లాట్లు. ఒకదాంట్లో డీడీఆర్3 రకం 2 జీబీ ర్యామ్ స్టిక్ ఉండేది, రెండోది ఖాళీ. విండోస్ 7, అదీ 32 బిట్. 2021లో మా అమ్మాయికి ఆన్‌లైన్ క్లాసులు నడిచేటప్పుడు దీని అసలు బాధ తెలిసింది. క్లాసు వెనకాల నేను లెక్కల ఫైలు తెరిచి ఉంచితే చాలు, క్యాబినెట్ మీద హార్డ్ డిస్కు లైటు ఆరకుండా వెలిగేది. "నాన్నా, నీ ఫైలు మూసెయ్యవా, మేడమ్ మాట ముక్కలైపోతంది" అని గోల పెట్టేది.

ఆ లైటే నాకు దారి చూపించింది. ర్యామ్ చాలనప్పుడు విండోస్ కొంత సరుకుని హార్డ్ డిస్కు మీదకి దించుతుంది, అవసరం పడ్డప్పుడు మళ్లీ పైకి ఎక్కిస్తుంది. ఆ ఎక్కించడం, దించడంతోనే మిషన్ అలసిపోతుంది. టాస్క్ మేనేజర్ తెరిచి చూస్తే మెమరీ 90 శాతం పైన ఉంది, ప్రాసెసర్ మాత్రం ఖాళీగా కూర్చుంది. మీరూ ముందు అది చూడండి. మెమరీ సగం ఖాళీగా ఉండి కూడా మిషన్ నత్తలా నడుస్తుంటే ర్యామ్ పెంచడం దండగ, ఆ డబ్బు ఎస్‌ఎస్‌డీకి (హార్డ్ డిస్కు బదులు పెట్టుకునే వేగమైన డిస్కు) పెట్టండి.

ఇక నేను చేసిన పొరపాటు. ఆన్‌లైన్‌లో 8 జీబీ డీడీఆర్3 స్టిక్ ఒకటి మిగతావాటి కంటే బాగా తక్కువకి కనిపిస్తే తెప్పించాను. పెట్టి ఆన్ చేస్తే ఫ్యాను తిరుగుతోంది, తెర మీద ఏమీ లేదు. వివరాల్లో అడుగున, చిన్న అక్షరాల్లో "ఏఎండీ బోర్డులకు మాత్రమే" అని ఉంది. ఏఎండీ అంటే ఇంటెల్‌కి పోటీగా ప్రాసెసర్లు చేసే కంపెనీ. ఆ స్టిక్ మీద చిప్పుల అమరిక వేరు. ఏఎండీ బోర్డులు దాన్ని గుర్తుపడతాయి, మా ఇంటెల్ లాంటివి గుర్తుపట్టవు. వస్తువులో లోపం లేదు కాబట్టి వెనక్కి తీసుకునేది లేదన్నారు. ఇప్పటికీ ఆ రకం స్టిక్కులు అమ్ముతూనే ఉన్నారు. డీడీఆర్3 బాగా చవగ్గా కనిపిస్తే ముందు ఆ ఒక్క మాట కోసం వెతకండి.

రెండోసారి పాత స్టిక్‌ని కాగితంలో చుట్టి జేబులో పెట్టుకుని, ఎదుర్లంక వంతెన మీదుగా యానాం దాటి కాకినాడ వెళ్లాను. కొట్లో ఆయన స్టిక్ చేతిలోకి తీసుకుని చూసి అడిగాడు.

"ఇంటెల్‌కేనాండి?"

"ఆయ్, హెచ్61 అండి. 8 జీబీ కావాలి."

"అయితే 8 ఒక్కటి వద్దండి. 4 రెండు తీసుకోండి, ఒకే కంపెనీవి. జతగా ఉంటే రెండు దార్లమ్మటా నడుస్తదండి."

ఆయన చెప్పింది నిజమని వాడకంలో తేలింది. రెండు స్లాట్లలోనూ ఒకేలాంటి స్టిక్కులు ఉంటే ప్రాసెసర్ రెండింటితోనూ ఒకేసారి పని చేయించుకుంటుంది, ఒక కాలవ బదులు రెండు కాలవలకి నీళ్లు వదిలినట్టు. మా మిషన్‌కి విడిగా గ్రాఫిక్స్ కార్డు లేదు. తెర పని కూడా ఈ ర్యామ్‌లోంచే వాడుకుంటుంది కాబట్టి వీడియోల్లో ఆ తేడా బాగా కనిపించింది. వాడిన స్టిక్కులే, జత 1,400 రూపాయలకి ఇచ్చాడు. వాటి మీద వేగం 1600 అని ఉన్నా మా ప్రాసెసర్ 1333 దగ్గరే నడుపుతుంది. అందుకని ఎక్కువ అంకె కోసం ఎక్కువ డబ్బు పెట్టకండి. లేబుల్ మీద పీసీ3-10600 అని ఉంటే అది 1333 రకం, పీసీ3-12800 అని ఉంటే 1600 రకం. డీడీఆర్2కీ, డీడీఆర్3కీ పిన్నులు 240 చొప్పునే ఉంటాయి గానీ మధ్యలో గంటు ఒకే చోట ఉండదు. కూర్చోకపోతే బలవంతంగా నొక్కొద్దు.

32 బిట్ విండోస్ 4 జీబీకి మించి వాడుకోలేదు. అందుకని అదే వారం 64 బిట్ విండోస్ 10 వేయించాను. ఆ రాత్రి క్లాసు రికార్డింగు, నా ఫైలు రెండూ తెరిచి పెడితే హార్డ్ డిస్కు లైటు ఎప్పుడో ఒకసారి మినుకుమంది, అంతే.

ఐదు నెలలకి కష్టం ఇంకో దారిన వచ్చింది. నీలి తెర వచ్చి మిషన్ ఆగిపోయేది. డౌన్‌లోడ్ చేసిన జిప్ ఫైళ్లు విప్పితే పాడయ్యాయని చెప్పేది. ఒకరోజు దింపుల ఫైలే తెరుచుకోలేదు. హార్డ్ డిస్కు పోయిందనుకున్నాను, కరెంటు హెచ్చుతగ్గులనుకున్నాను. ర్యామ్ మీద అనుమానమే రాలేదు. ఎందుకంటే మిషన్ ఆన్ అవుతోంది, 8 జీబీ అని చూపిస్తోంది. చివరికి ర్యామ్‌ని పరీక్షించే మెమ్‌టెస్ట్86 ప్రోగ్రాంని పెన్‌డ్రైవ్‌లో వేసి రాత్రి పెట్టి పడుకున్నాను. రెండింటికి లేచి చూస్తే తెర కింది సగం ఎర్ర గీతలు. ఒక్కో స్టిక్ విడిగా పెట్టి మళ్లీ నడిపితే మొదటిది శుభ్రంగా గట్టెక్కింది, రెండోదాంట్లో తప్పులు వరసకట్టాయి. చెడ్డ ర్యామ్‌తో వచ్చే చేటు ఇదే. మిషన్ ఆగదు, తప్పు అంకెల్నే చక్కగా సేవ్ చేసి పెడుతుంది. కొట్లో ఆయన ఆరు నెలలు మాట ఇచ్చాడు కాబట్టి మారు మాట లేకుండా వేరే స్టిక్ ఇచ్చాడు. రెండు దింపుల లెక్కలు మాత్రం చిట్టా పుస్తకం ముందు పెట్టుకుని మళ్లీ కొట్టాను.

మా ప్రాంతంలో ఉన్నవాళ్లకి ఇంకో మాట. ముసురు పట్టిన రోజుల్లో ఇల్లంతా చెమ్మ. ఆన్ చేస్తే తెర రాకుండా కుయ్ కుయ్ అని పొడుగు బీప్‌లు వస్తే ర్యామ్ పోయిందని కంగారు పడొద్దు. ఈ నాలుగేళ్లలో మాకు మూడుసార్లు అలా అయింది. ప్లగ్గు పీకి, ఒంటి మీది స్టాటిక్ కరెంటు పోయేలా క్యాబినెట్ ఇనుముని ఒకసారి చేత్తో ముట్టుకుని, స్టిక్ తీసి, బంగారు రంగు పిన్నుల్ని పిల్లలు వాడే తెల్ల రబ్బరుతో మెల్లిగా రుద్దాలి. పిన్నుల మీద సన్నటి మసక పొర పోయి మెరుపు రావడం కంటికి తెలుస్తుంది. రబ్బరు పొట్టు పొడి బ్రష్‌తో దులపండి. నోటితో ఊదితే తుంపర పడి మళ్లీ చెమ్మే. రెండు చివర్ల క్లిప్పులూ టక్కుమనే దాకా నొక్కితే మూడుసార్లూ మిషన్ లేచింది.

విండోస్ 10కి 2025 అక్టోబరు 14తో మద్దతు ఆగింది. విండోస్ 11 మద్దతున్న ప్రాసెసర్ల జాబితాలో మాది లేదు. ర్యామ్ ఎంత ఉన్నా ఆ అడ్డు తొలగదు. అందుకే విండోస్ బదులు వాడుకునే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ లినక్స్ మింట్‌కి మారాం. బ్రౌజరులో పది ట్యాబులు, వీడియో, లిబ్రెఆఫీస్‌లో దింపుల షీటు అన్నీ కలిపినా 5 జీబీ దాటడం అరుదు. బోర్డు 16 జీబీ దాకా తీసుకుంటుంది గానీ నాకు ఆ అవసరం కనిపించలేదు.

వాడిన స్టిక్కులు కొనేటప్పుడు కొట్లో ఒక్కటి ముందే అడగండి: రాత్రంతా మెమ్‌టెస్ట్ నడిపితే ఒక్క ఎర్ర గీత వచ్చినా మారుస్తారా అని. మారుస్తానన్నాయన దగ్గర వంద రూపాయలు ఎక్కువైనా తీసుకోండి, ఇంటికి వచ్చిన రాత్రే నడపండి. నేను ఐదు నెలలు ఆగాను.