కోడ్ ఫైల్ పైన పూర్తి లైసెన్స్ నోటీసా, ఒక్క లైనా?

మాదాపూర్‌లో ఏ టీమ్ కోడ్‌ని ఓపెన్ సోర్స్ చేద్దామన్నా ఈ వాదన వచ్చి తీరుతుంది. అపాచీ 2.0 అనే ఓపెన్ సోర్స్ లైసెన్స్ సూచించే నోటీసు పది లైన్లు దాటుతుంది, ఇరవై లైన్ల స్క్రిప్టుకి అది మరీ బరువే కానీ, వారంటీ లేదన్న మాట, పూర్తి లైసెన్స్ లింకు అక్కడే కళ్ల ముందుంటాయి.

ఎస్‌పీడీఎక్స్ ట్యాగ్, అంటే లైసెన్స్ పేరుని ప్రామాణిక పొట్టి రూపంలో చెప్పే గుర్తు, ఒక్కటే లైన్. టూల్స్ ఇట్టే చదివేస్తాయి. లైనక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌కి గుండెకాయ లాంటి కెర్నల్‌లో ఒకే జీపీఎల్ లైసెన్స్ నోటీసు రకరకాల మాటల్లో ఉండేది, చాలా ఫైళ్లలో అసలు ఉండేదే కాదు, అందుకే 2017లో కెర్నల్ డెవలపర్లు ట్యాగ్‌ల వైపు మళ్లారు.

నా ఓటు ట్యాగ్‌కే. ఎవరైనా ఒక్క ఫైల్ కాపీ చేసుకున్నా లైసెన్స్ పేరు దానితోపాటే వెళ్తుంది. ఎంఐటీ లైసెన్స్ అయితే పూర్తి పాఠం కూడా ఇవ్వాలి, కాబట్టి లైసెన్స్ ఫైల్ ఎలాగూ ఉండాల్సిందే. వేరేవాళ్ల కాపీరైట్ లైన్లు మాత్రం దయచేసి తీసేయకండి.