చీర ఉయ్యాల: ఇద్దరు పిల్లల్ని ఊపాక నా సమీక్ష

పిల్ల బోర్లా పడేదాకా, పగటిపూట, ఎవరో ఒకరు పక్కన ఉన్నంతసేపు చీర ఉయ్యాలకి మించింది లేదు. రాత్రి నిద్రకి అది వద్దు. బోర్లా పడటం మొదలెట్టాక అసలే వద్దు. మా ఇంట్లో పెద్దపిల్ల, దాని తర్వాత తమ్ముడు ఇద్దరూ అందులో ఊగినవాళ్ళే కాబట్టి ఈ మూడు మాటలూ గట్టిగా చెప్పగలను.

కొట్లో కొనే వస్తువు కాదు కదా, దీని మంచిచెడ్డలు ఎవరూ రాయరు. పురిటికి వచ్చిన అమ్మాయికి ఇంట్లో పెద్దావిడ ఎవరో ఒకరు కట్టి ఇచ్చేస్తారు, బారసాల నాడు పిల్లని అందులో వేసి పాట పాడతారు, అంతే. ఎలాంటి చీర కట్టాలి, ఎంత ఎత్తున కట్టాలి, ఎప్పుడు విప్పెయ్యాలి అన్నది కూర్చోబెట్టి చెప్పేవాళ్ళు తక్కువ.

మాది కోనసీమలో సఖినేటిపల్లి దగ్గర ఊరండి. వశిష్ఠ గోదావరికి ఇటు మేము, అటు నర్సాపురం. పాత పెంకుటిల్లు కాబట్టి దూలాలకి లోటు లేదు. శ్లాబు ఇళ్ళవాళ్ళు ఫ్యాను కొక్కేనికి కట్టేస్తుంటారు, అది మాత్రం చెయ్యకండి. ఫ్యాను బరువు కదలకుండా వేలాడే బరువు. ఉయ్యాల బరువు అటూ ఇటూ లాగుతుంది. దానికి శ్లాబులో విడిగా కొక్కెం వేయించుకోవాలి.

ముందు చీర సంగతి. నేత చీరే కావాలి, అదీ చాలాసార్లు ఉతికి మెత్తబడింది. అత్తయ్యగారు తన బండారులంక చీరలు రెండు తీసి ఇచ్చారు, ఒకటి తడిస్తే ఇంకోటి. ఐదున్నర మీటర్ల చీరని సగానికి మడిచి కడితే రెండు పొరలొస్తాయి. ఒక పొర ఎక్కడైనా పిగిలినా రెండోది ఆపుతుంది. పాలియెస్టర్ చీరలు ఎంత గట్టిగా ఉన్నా వద్దు. ముడి జారుతుంది, గాలాడదు, మే నెల ఉక్కలో పిల్లాడి వీపంతా చెమటకాయలే. జరీ అంచు చెంపలకి గీరుకుంటుంది. అలాగని పాతదే మంచిదని మరీ నీరసించిన చీర కట్టకూడదు. చీరని వెలుతురుకి ఎదురుగా పట్టి చూడండి. మడతలు పడేచోట పోగులు పలచబడి కనిపిస్తాయి. అక్కడ రెండు చేతులా పట్టి లాగితే చర్రుమన్నదంటే అది బొంతకి పనికొస్తుంది గానీ ఉయ్యాలకి కాదు.

మన కొబ్బరి సీమలో పీచుతాడుకి కొదవేముంది. దూలానికి చుట్టడానికి అది చాలా మంచిది, జారదు. కానీ చీర నేరుగా పీచుతాడు మీద పడితే ఊగిన ప్రతిసారీ రాసుకుని పోగులు తెగుతాయి. మావారు తాడుకీ చీరకీ మధ్య గుండ్రటి ఇనప కడియం వేసి, దానికి పాత లుంగీ ముక్క దళసరిగా చుట్టారు. కట్టిన రోజు రాత్రి పాతిక కిలోల బియ్యం బస్తా అందులో వేసి తెల్లారేదాకా వదిలేశారు. పొద్దున్న చూస్తే ముడి బిగిసింది, చీర నాలుగు వేళ్ళు సాగింది. అప్పుడు ఎత్తు సరిచేసి, ఆ తర్వాతే పిల్లని వేశాం. ఈ పని ఎవరైనా చెయ్యచ్చు, అందరూ చెయ్యాలి.

తలవైపు అడ్డకర్ర మర్చిపోవద్దు. అది లేకపోతే చీర రెండు వైపులా దగ్గరకి వచ్చేసి పిల్ల ముఖం మీద మూసుకుంటుంది. మాది నున్నగా చెక్కిన వెదురుకర్ర, రెండు కొసలకీ గుడ్డ చుట్టింది. పాత ఇళ్ళల్లో నడుమెత్తున కట్టేవారు, నిలబడి పనిచేసుకుంటూ ఒక చేత్తో ఊపడానికి వీలని. నేను మాత్రం నేలకి జానెడెత్తున కట్టించాను, కింద బొంత పరిపించాను. నులకమంచం మీద పడుకుని ఉయ్యాలకి కట్టిన తాడుని కాలి బొటనవేలితో లాగుతూ ఊపచ్చు. బాలింతకి ఆ నాలుగు నిమిషాల విశ్రాంతి ఎంత విలువైనదో అనుభవించినవాళ్ళకే తెలుస్తుంది. మీరు లేచినప్పుడల్లా ఆ తాడు విప్పి పైన పెట్టెయ్యండి. పిల్లల దగ్గర వేలాడే తాడు ఏదీ ఉండకూడదు.

రాత్రి నిద్రకి ఎందుకు వద్దంటున్నానో చెప్తాను. చీరలో పిల్ల వీపు వంపు తిరుగుతుంది, గడ్డం గుండెకి ఆనుతుంది. నెలల పిల్లలకి మెడ నిలబడదు, ఆ వంపులో ఊపిరి దారి ఇరుకవుతుంది, వాళ్ళంతట వాళ్ళు తల సర్దుకోలేరు. పిల్లల డాక్టర్లు చెప్పేది వెల్లకిలా, గట్టి పరుపు మీద, సమంగా ఉన్నచోట పడుకోబెట్టమని. అమెరికాలో 2022లో చట్టమే చేశారు, 10 డిగ్రీలకి మించి వాలుగా ఉండే పసిపిల్లల పడకలు అక్కడ అమ్మకూడదు. అక్కడున్న మా తోడికోడలు ఫోన్లో ఈ సంగతి చెప్పినప్పుడు అత్తయ్యగారు "మీ ఆయన్ని, మరిదిని అందులోనే పెంచాను" అన్నారు. తర్వాత మా పిల్లల డాక్టరుగారు కూడా అదే మాట, గడ్డం గుండెకి ఆనడం బొమ్మ గీసి మరీ చెప్పారు. ఆ రోజు నుంచి అర్ధరాత్రి పిల్లాడు ఏడ్చినా ఆవిడే ఎత్తుకుని నడవాలో తిరిగేవారు గానీ ఉయ్యాల వైపు వెళ్ళలేదు. ఆవిడ మీద నాకు గౌరవం రెట్టింపైంది.

అంచేత మా పద్ధతి ఇది. ఊపి, కునుకు పట్టాక, ఎత్తి చాప మీదకి మార్చడం. రాయడానికి ఒక్క వాక్యం. చెయ్యడానికి ఇల్లంతా కావాలి. చిన్నాడు మూడో నెలలో ఉన్నప్పటి ఒక మధ్యాహ్నం చెప్తాను. వాడి కళ్ళు మూతపడ్డాయి, పిడికిలి వదులైంది. మావయ్యగారు టీవీ గొంతు నొక్కేశారు. అత్తయ్యగారు కుక్కరు కింద మంట తగ్గించడానికి మునివేళ్ళ మీద వెళ్ళారు. నేను ఒక చెయ్యి మెడ కింద, ఒక చెయ్యి పిర్రల కింద పెట్టి, చీర వంపులోంచి వాణ్ణి ఇంచీ ఇంచీ లేపుతున్నాను. సరిగ్గా అప్పుడు వీధిలో ఉప్పుచేపల బండి మైకు. వాడు కదిలి, మూలిగి, మళ్ళీ పడుకున్నాడు. అందరం ఊపిరి పీల్చుకున్నాం. నాలుగేళ్ళ మా పెద్దది గుమ్మంలోకి పరిగెత్తి, మైకు కంటే పెద్ద గొంతుతో, "ఏవండోయ్, మా తమ్ముడు పడుకున్నాడు, అరవకండీ!" అని కేకేసింది. వాడు కళ్ళు పూర్తిగా తెరిచి అక్క గొంతు విని నవ్వాడు. మళ్ళీ మొదటికి. ఉప్పుచేపలాయన బండి ఆపి "పొరపాటైందమ్మా" అని, ఆ తర్వాత మా వీధిలో మైకు ఆపేసి బెల్లు కొట్టుకుంటూ వెళ్ళేవాడు. ఆయనకి ఇక్కడినుంచి నమస్కారం.

మార్చేటప్పుడు పనికొచ్చిన కిటుకు ఒకటుంది. చాప మీద పరిచే గుడ్డని ముందు నా ఒళ్ళో కాసేపు పెట్టుకునేదాన్ని. చల్లటి గుడ్డ తగిలితే పిల్లాడు ఉలిక్కిపడతాడు, వెచ్చటి గుడ్డ తగిలితే పట్టించుకోడు. ఇంకోటి, దించగానే చెయ్యి తీసెయ్యకూడదు. గుండె మీద అరచెయ్యి అలాగే ఉంచి, నెమ్మదిగా బరువు తగ్గించాలి.

ఇక ఇంట్లో అప్పటికే ఇంకో పిల్లో పిల్లాడో ఉంటే ఈ ఉయ్యాలకి రెండో ఉద్యోగం మొదలవుతుంది. అది తెలుసుకునే కట్టుకోండి. ఖాళీ ఉయ్యాల ఊపకూడదని మన పెద్దవాళ్ళంటారు కదా, పిల్లకి కడుపునొప్పి వస్తుందని. అత్తయ్యగారు పెద్దదానికి అది గట్టిగా చెప్పారు. అది శ్రద్ధగా విని, ఊపాలనిపించినప్పుడల్లా ముందు ఉయ్యాల నింపడం నేర్చుకుంది. మొదట బొమ్మ. తర్వాత బూడిదగుమ్మడికాయ, దానికి తమ్ముడి లేసు టోపీ. ఆ తర్వాత ఒలిచిన కొబ్బరికాయలు మూడు, మూడింటికీ బొట్లు. ఒకరోజు ఉయ్యాల్లోంచి కొక్కొక్కో మంటే వెళ్ళి చూశాను. పెరట్లో పెట్టని తెచ్చి, దోమతెర కప్పి, జోలపాట పాడుతోంది. అత్తయ్యగారు కేకలేస్తే, "ఖాళీ కాదు కదా మామ్మా!" అంది. ఆవిడ దగ్గర జవాబు లేదు. మావయ్యగారు పేపరు అడ్డం పెట్టుకుని నవ్వారు. ఆ చీర రెండుసార్లు వేడినీళ్ళలో నానబెట్టి, డెటాల్‌తో ఉతికి, ఎండలో వేశాం.

దాని అన్ని ఆటల్లోకీ పంటు ఆట గొప్పది. పంటు అంటే గోదావరి దాటించే పెద్ద బల్లకట్టు. మా రేవులో నర్సాపురం పంటు ఎక్కినవాళ్ళకి తెలుసు, మోటారుసైకిళ్ళూ, కార్లూ, మనుషులూ, మేకలూ అన్నీ ఒకే బల్ల మీద అవతలి గట్టుకి దాటతాయి. మా పెద్దది ఉయ్యాలని పంటు చేసేసింది. కొబ్బరాకు ముక్కలు టికెట్లు. తను మధ్యలో కూర్చుని, బొమ్మ కార్లూ, స్టీలు గ్లాసులూ, తాతగారి కళ్ళజోడూ ఎక్కించుకుని, "నర్సాపురం రేవు, నర్సాపురం రేవు, దిగేవాళ్ళు దిగండీ" అని అరుస్తుంది. తోసేది మావారు. సఖినేటిపల్లి గట్టు తలుపు దగ్గర, నర్సాపురం గట్టు ధాన్యం బస్తాల దగ్గర. వరదొచ్చిందంటే పంటు ఆగాలి, ఆ మాట ఎక్కడ విందో, నాన్న టీ తాగుతానంటే "వరదండి, రేపు రండి" అని టికెట్ డబ్బులు కూడా వెనక్కి ఇచ్చేది. ఆ ఆటలో ఉన్న ఆనందం ఏ ప్లాస్టిక్ బొమ్మలోనూ నేను చూడలేదు.

కానీ పెద్దవాళ్ళు పక్కన ఉంటేనే ఆ ఆట. ఇది బతిమాలి చెప్తున్నాను. చీర ఉయ్యాలలో గిరగిరా తిరుగుతూ, చీర మెడకి బిగుసుకుని పిల్లలు పోయిన వార్తలు మన పేపర్లలో ఎన్నిసార్లు చదవలేదు? పసివాళ్ళ కంటే ఐదేళ్ళూ పదేళ్ళూ ఉన్నవాళ్ళకే ఈ ప్రమాదం ఎక్కువ, ఎందుకంటే వాళ్ళని ఎవరూ కనిపెట్టుకుని కూర్చోరు. చీర మెలిపెట్టి వదిలితే గిర్రున తిరగడం పిల్లలకి సరదా. మెడ చుట్టూ బిగిస్తే అరవడానికి గొంతు ఉండదు, పక్కగదిలో ఉన్న తల్లికి వినపడదు. మా ఇంట్లో నియమం ఒక్కటే. ఊపేవాళ్ళు లేనప్పుడు చీర కిందకి వేలాడకూడదు. పిల్లాణ్ణి ఎత్తిన చేత్తోనే చీర పోగేసి దూలం మీదకి విసిరెయ్యడమే. శ్లాబు ఇళ్ళల్లో కొక్కెం నుంచి తీసి బీరువాలో పెట్టాలి. పనిమనిషికీ, వచ్చిపోయే చుట్టాలకీ కూడా ఈ మాట చెప్పి ఉంచాం.

వానాకాలం దీనికి కష్టకాలం. పిల్లాడు తడిపిన చీర ఉతకడం తేలికే, ఆరబెట్టడమే గండం. ముసురు పట్టిందంటే వంటింట్లో, నడవాలో, చివరికి తాతగారి పడకకుర్చీ మీద కూడా గుడ్డలే. అందుకే లోపల చిన్న గుడ్డలు పొరలుగా వేసి, తడిసింది మాత్రం మార్చుకుంటూ పోవాలి. రబ్బరు షీటు వెయ్యకండి, జారి ముఖం మీదకి రావచ్చు, వీపు ఉడికిపోతుంది. పాలు కక్కిన చీరని గంట వదిలేసినా చీమలు బారు కట్టి దూలం మీంచి దిగుతాయి. సార్వా (వానాకాలపు వరి) కోతల రోజుల్లో సాయంత్రం దోమలు ఎలా ఉంటాయో డెల్టా వాళ్ళకి చెప్పక్కర్లేదు. తెరని అడ్డకర్ర పైనుంచి వేసి, ఉయ్యాల అడుగున కూడా మూసుకునేలా ముడెయ్యాలి. చీర పలచన కదా, దోమ అడుగునుంచే కుడుతుంది.

కొన్నవాటితో పోల్చమంటారా? పెద్దదానికి స్టాండు, స్ప్రింగు ఉన్న ఉయ్యాల ఒకటి బహుమతిగా వచ్చింది. స్ప్రింగు పైకీ కిందకీ ఎగరేస్తుంది, పిల్ల పాలు కక్కేసేది. పక్కకి మెల్లగా ఊగడమే దానికి నచ్చింది. మోటారు ఉయ్యాలలు చుట్టాలింట్లో చూశాను. కరెంటున్నంతసేపు బాగానే ఉంటాయి. తుపాను వచ్చి రెండ్రోజులు కరెంటు లేని ఊళ్ళో వాటితో ఏం చేస్తాం? చెక్క తొట్టి ఉయ్యాల మాత్రం నిజంగా మంచిది, అడుగు సమంగా ఉంటుంది, వీపు వంగదు. పాత మండువా ఇళ్ళల్లో అటకమీద ఉండే ఉంటుంది, దింపి దుమ్ము దులిపి చూడండి.

ఐదుకి ఎంతంటే, పగటి కునుక్కి నాలుగున్నర, రాత్రికి సున్నా. ఏడుపు ఆపడంలో ఐదుకి ఐదు.

చిన్నాడు అయిదో నెలలో ఒక పొద్దున్న చాప మీద బోర్లా పడ్డాడు. బోర్లా పడితే బొబ్బట్లని మనకి వేడుక కదా, అత్తయ్యగారు ఆ రోజే వండారు, మావారు ఆ రోజే చీర విప్పేశారు. పెద్దది పంటు పోయిందని ఏడ్చింది. అరుగు మీద నులకమంచం తిరగేసి ఇస్తే ఇప్పుడు అదే పంటు. తాడు, కడియం, అడ్డకర్ర నెలలు నిండిన మా ఆడపడుచుకి పంపించాం. చీర మాత్రం పంపలేదు. ఇద్దరు పిల్లల్ని మోసి అలిసిన చీరది, మడతల దగ్గర వెలుతురు కనిపిస్తోంది. గట్టి చీర చూసుకుని, బియ్యం బస్తా వేసి పరీక్షించాకే పిల్లని వెయ్యమని ఫోన్లో చెప్పాను.