అప్పీలు కాగితాలకు కర్నూలు కోర్టు దగ్గర టైపింగ్ షాపు: నా అనుభవం

మా అమ్మ భూమి కేసు కర్నూలు జిల్లా కోర్టులో అప్పీలులో ఉంది. కోడుమూరు నుంచి తిరిగీ తిరిగీ ఆ వీధంతా నాకు అలవాటైపోయింది. అక్కడ మెట్ల కింద రెండు కంప్యూటర్లు పెట్టుకున్న చిన్న షాపు ఒకటుంది. కాగితం చదివాకే టైపు మొదలుపెట్టే మనిషిని నేను అక్కడే చూశాను.

అంతకుముందు అదనపు రాతపూర్వక వాదనలు వేరేచోట టైపు చేయించాం, 14 పేజీలు. వాయిదా రోజు జడ్జి గారు తీసుకోలేదు. అప్పీలు గ్రౌండ్స్‌లో, అంటే కింది కోర్టు తీర్పు ఎందుకు తప్పో అప్పీలులో రాసిన కారణాల్లో, లేని పాయింటు ఒకటి అందులో కలిపేశాం. సివిల్ ప్రొసీజర్ కోడ్ 41వ ఆర్డరు 2వ రూలు ప్రకారం దానికి కోర్టు అనుమతి అడగాలట. ఈసీ (భూమి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల వివరాలిచ్చే సర్టిఫికెట్) తీస్తే బయటపడిన 1987 నాటి రిజిస్టరు పత్రం నకలును కూడా వెనకాల కుట్టేశాం. కింది కోర్టులో పెట్టని పత్రానికి అదే ఆర్డరు 27వ రూలు కింద పిటిషన్, అఫిడవిట్ వేరేగా వేయాలి. పైగా అవతలి వాళ్లకు కాపీ ఇవ్వలేదు. తిరుగు బస్సులో అమ్మ ఆ కట్టను ఒళ్లో పెట్టుకుని ఊరొచ్చేదాకా ఒక్క మాట మాట్లాడలేదు.

ఈ షాపు పెద్దాయన మొదట అప్పీలు గ్రౌండ్స్ కాపీ అడిగాడు. పక్కన పెట్టుకుని, వాదనల్లో ఒక్కో పేరా పక్కన పెన్సిల్‌తో గ్రౌండ్ నంబరు వేస్తూ పోయాడు. తొమ్మిదో పేరా దగ్గర ఆగాడు. "ఏమ్మా, ఇది గ్రౌండ్స్‌లో లేదే. వకీలు గారిని అడిగి రా, అందాకా టైపు చేయను" అన్నాడు.

చివరికి వాదనలు ఒక కట్ట, పిటిషన్లు రెండు కట్టలు (కొత్త గ్రౌండ్‌కు ఒకటి, పత్రానికి ఒకటి) అయ్యాయి. పత్రం ముందే ఎందుకు పెట్టలేదన్న చోట మా డ్రాఫ్ట్‌లో ఒక్క లైనే ఉంది. ఈసీకి అప్లై చేసిన తేదీ, నకలు చేతికొచ్చిన తేదీ రాయించుకు రమ్మన్నాడు. జాగ్రత్తగా వెతికినా అప్పట్లో దొరకలేదని చూపించాలి కదా! కుట్టేముందు అవతలి వాళ్ల కాపీలు తనే లెక్కపెట్టాడు.

ఈసారి కోర్టు తీసుకుంది. కొత్త గ్రౌండ్‌కు అనుమతిచ్చి, అవతలి పక్షానికి జవాబు చెప్పుకోవడానికి టైమిచ్చారు. పత్రం పిటిషన్‌ను మాత్రం అసలు అప్పీలుతోపాటే వింటామన్నారు. 2012లో ఇబ్రహీం ఉద్దీన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది కూడా అదేనని మా లాయరు గారన్నారు. అది తెలిశాక నాకు టెన్షన్ తగ్గింది.

పేజీకి 30 రూపాయలు తీసుకున్నారు, చుట్టుపక్కల కంటే కాస్త ఎక్కువే. సోమవారం పొద్దున గంటకు పైగా నిలబడాలి. కూర్చోవడానికి ఒక బల్ల వేస్తే బాగుండు, పెద్దవాళ్లకు కష్టంగా ఉంది. అప్పీలు పనికి వెళ్లేవాళ్లు గ్రౌండ్స్ కాపీ, కింది కోర్టు జడ్జిమెంటు వెంట తీసుకుపోండి. అవి లేకపోతే ఆయన కాగితం ముట్టుకోడు.