హోమ్‌వరల్డ్: నేలే లేని యుద్ధం

1999లో రెలిక్ స్టూడియో వాళ్లు తయారుచేసిన హోమ్‌వరల్డ్ అనే స్ట్రాటజీ గేమ్ మళ్లీ మొదలుపెట్టాను. అప్పటి స్ట్రాటజీ గేముల్లో యుద్ధం చాలావరకు నేల మీదే. ఇందులో అంతా అంతరిక్షమే, అసలు నేలే లేదు. ఎమ్ నొక్కితే ఓడల చుట్టూ ఓ వృత్తం పరుచుకుంటుంది, షిఫ్ట్ పట్టుకుని మౌస్ కదిపితే గమ్యం పైకో కిందికో జరుగుతుంది. ఇది చేతికి అలవాటైతే చాలు, శత్రువు మీదకి కింది నుంచి దూసుకెళ్లే మజా ఇంకెక్కడా దొరకదు.

నాకు ప్రాణం మాత్రం సాల్వేజ్ కార్వెట్లనే చిన్న ఓడలే. అవి శత్రువు ఫ్రిగేట్‌కి, అంటే వాటికన్నా పెద్ద యుద్ధనౌకకి, అతుక్కుని దాన్ని మన ప్రధాన ఓడ మదర్‌షిప్ దాకా ఈడ్చుకొచ్చేస్తాయి. ఇక ఆ ఓడ మనదే. ఒక మిషన్‌లో మిగిలిన ఓడలే తర్వాతి దానికి వస్తాయి కాబట్టి ఒక్కటి పోయినా మనసు చివుక్కుమంటుంది. మూడో మిషన్‌లో మనవాళ్ల గ్రహం ఖరాక్ తగలబడుతుంటే వినిపించే బృందగానానికి ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

వనరుల సేకరణ మాత్రం నత్తనడక. యుద్ధం ముగిశాక కూడా వనరులు పోగుచేసే హార్వెస్టర్ ఓడల కోసం కూర్చోవాలి. 2015లో మెరుగులు దిద్ది తెచ్చిన రీమాస్టర్డ్ కలెక్షన్‌లో పాత గేమ్ కూడా ఇచ్చారు. కొత్తవాళ్లు అదే కొనుక్కోండి. మొదట్లో కెమెరా తిప్పడం మీదే దృష్టి పెట్టండి, ఓడలు కట్టడం తర్వాత.