ముందు వినండి, తరువాత కొనండి: విజయనగరంలో ఒక పాత రికార్డుల కొట్టు

విజయనగరం గంటస్తంభం నుంచి నాలుగడుగులు వేశాక ఎడమవైపు వచ్చే ఒక సందులో, ‘రేడియో, టేప్ రికార్డర్ మరమ్మతులు’ అన్న అక్షరాలు సగం రాలిపోయిన బోర్డు కింద, పాత గ్రామఫోన్ రికార్డులూ సీడీలూ అమ్మే చిన్న దుకాణం ఒకటి ఉంది. చుట్టుపక్కల వాళ్లందరూ దాన్ని రేడియో కొట్టు అనే అంటారు. శ్రీకాకుళంలో ఉండే నేను రెండేళ్లుగా నెలకో ఆదివారం ఆమదాలవలసలో రైలెక్కి ఇక్కడికి వస్తున్నాను. ఇంతవరకు కొన్న పెద్ద రికార్డులు పదిహేడు, సీడీలు నలభై దాకా ఉంటాయి. వాటిలో రెండు తప్ప తక్కినవన్నీ ఇప్పటికీ వింటూనే ఉన్నాను కనుక, మంచి రికార్డింగు కోసం వెతికేవారికి ఈ కొట్టు గురించి కాస్త వివరంగా చెప్పవచ్చుననుకుంటున్నాను.

నేను మొదటిసారి ఇక్కడికి వచ్చింది రికార్డులు కొనడానికి కాదు, ఫిర్యాదు చెప్పుకోవడానికి. పదేళ్లు కూడబెట్టిన డబ్బుతో విశాఖపట్నంలో ఒక మంచి యాంప్లిఫయరు, రెండు స్పీకర్లు కొని ఇంట్లో పెట్టుకుంటే, అంతకుముందు ఫోనులో హాయిగా విన్న పాటలే వాటిలో చెవిలో గీసినట్టు వినిపించడం మొదలైంది. సామానులో ఏదో లోపం ఉందనుకుని, ఈ కొట్టు యజమానికి పాత యాంప్లిఫయర్ల గురించి బాగా తెలుసని ఎవరో చెబితే వచ్చాను. ఆయన నా ఫోను తీసుకుని, అందులోని పాటను తన సెట్టులో ఒక నిమిషం విని, “యంత్రానికి ఏ జబ్బూ లేదు బాబూ, పాటకే ఉంది” అన్నారు. ఆ పాటలో మెల్లగా పాడిన చోటూ గొంతెత్తిన చోటూ ఒకే ఎత్తున వినిపిస్తున్నాయని, అమ్మకానికి వెళ్లేముందు అన్నిటినీ నొక్కి గరిష్ఠ స్థాయికి తెచ్చేశారని, చిన్న ఇయర్‌ఫోనులో అది హుషారుగా అనిపించినా మంచి స్పీకర్లలో పది నిమిషాలకే తల బరువెక్కుతుందని ఆయన వివరించారు. మసక అద్దంలో కనబడని మచ్చ బెల్జియం అద్దంలో కనబడినట్టన్నమాట. పాట మంచిదవడం వేరు, దాని రికార్డింగు మంచిదవడం వేరు అన్న సంగతి నాకు ఆ రోజే అర్థమైంది.

కొట్టు వెనక పది అడుగుల గది ఒకటి ఉంది. గోడలకు ఖరీదైన పలకలేమీ లేవు. పాత బొంతలు మేకులకు వేలాడదీసి ఉంటాయి, కింద రెండు తుంగచాపలు. స్పీకర్లను గోడకు ఆనించకుండా మూడడుగులు ముందుకు జరిపి, వినేవాడి కుర్చీతో కలిపి ఒక త్రికోణం వచ్చేలా పెట్టారు. కొనదలచిన ప్రతి రికార్డునూ ఇక్కడ వినవచ్చు, దానికి రుసుము లేదు. రికార్డును మెత్తని బ్రష్షుతో తుడిచి, ముల్లును చూపుడువేలు చివరతో తాకీ తాకనట్టు తట్టి, ఊది, మీటను నెమ్మదిగా దించుతారు. ఆ తరువాత ఆయన మాట్లాడరు, మనల్నీ మాట్లాడనివ్వరు. ఏ కచేరీ అయినా మొదట పెట్టి చూసేది తంబురా ఒక్కటే మోగే ఆ కొన్ని క్షణాలనే. నాలుగు తీగలు నాలుగుగా వినబడుతూ, ఒక మీటు నాదం పూర్తిగా అణగకముందే తరువాతిది వచ్చి దానిలో కలవాలని, అలా కాక ఈగ మూసిన సీసాలో తిరిగినట్టు ఒకే రొదగా ఉంటే ఆ ప్రతిని పక్కన పెట్టేయమని ఆయన చెబుతారు.

ఈ చెవి ఆయనకు ఎక్కడి నుంచి వచ్చిందో ఊహించడం కష్టం కాదు. 1919లో ఆదిభట్ల నారాయణదాసు అధ్యక్షుడుగా ఈ ఊళ్లో సంగీత పాఠశాల మొదలైంది. ద్వారం వెంకటస్వామి నాయుడు అక్కడే వయొలిన్ చెప్పారు, 1936లో అధ్యక్షులయ్యారు. ఘంటసాల అక్కడే చదువుకున్నారు. కొట్టు యజమాని చిన్నతనం ఆ పాఠశాల గోడ పక్కనే గడిచిందట. మైకు లేకుండా, నాలుగు గజాల దూరంలో వాయించే వయొలిన్ ఎలా ఉంటుందో తెలిసినవాడికి, రికార్డులోని వయొలిన్ అబద్ధమాడితే వెంటనే తెలిసిపోతుంది. హై ఫిడెలిటీ అన్న మాటకు అర్థమే అసలు నాదానికి విశ్వాసపాత్రంగా ఉండటం కదా. అసలును ఎరగనివాడు విశ్వాసాన్ని దేనితో కొలుస్తాడు?

దీనికి ఒక ఉదాహరణ చెబుతాను. ఒకే వయొలిన్ కచేరీ ఆయన దగ్గర రెండు రూపాల్లో ఉంది: ఒకటి పాత పెద్ద రికార్డు, రెండోది అదే రికార్డింగును శుభ్రం చేశామని చాలా ఏళ్ల తరువాత వేసిన సీడీ. రెండింటినీ ఒకే ఎత్తున పెట్టి వరసగా వినిపించారు. పెద్ద రికార్డులో సన్నని సుయ్‌మనే హోరు, మధ్యమధ్య చిటపటలు ఉన్నాయి. సీడీలో అవేవీ లేవు, మొదట అదే బాగున్నట్టు తోచింది. అయితే ఆయన ఒక గమకం దగ్గర ఆపి, “కమాను తిరిగిన చోటు వినండి” అన్నారు. పెద్ద రికార్డులో కమాను దిశ మార్చుకునేటప్పుడు కమానుకు రాసే రోజిను పొడి తీగను పట్టుకుని వదిలే చిన్న గరగర స్పష్టంగా ఉంది. మృదంగం ఎడమ ముఖం మీద అరచేయి జారుతూ తీసే ‘గుమికి’ అనే నాదంలో, ఆ చర్మానికి పూసిన రవ్వముద్ద తడి కూడా తెలుస్తున్నట్టు ఉంది. సీడీలో హోరుతో పాటు ఇవి కూడా తుడిచిపెట్టుకుపోయాయి. పంట చేలో కలుపు తీస్తూ వరి కూడా పీకేసినట్టు, హోరు ఉన్న పై స్థాయిలోనే కమాను గరగర కూడా ఉంటుంది కనుక ఒకదాన్ని గట్టిగా తీసేస్తే రెండోది మిగలదు. నేను హోరున్నదే కొన్నాను.

పాత రికార్డు అయితే చాలునన్న మూఢభక్తి మాత్రం ఇక్కడ లేదు. ఆయన అందరికీ పెట్టి చూపే వాటిలో ఒకటి సీడీయే. 1992లో విశ్వమోహన్ భట్ మోహనవీణ (గిటారును మార్చి చేసిన వాద్యం), అమెరికా కళాకారుడు రై కూడర్ గిటారు కలిసి వాయించగా, వాటర్ లిలీ అకూస్టిక్స్ అనే చిన్న సంస్థ అమెరికాలోని సాంటా బార్బరాలో ఒక ప్రార్థనా మందిరంలో టేపు మీద రికార్డు చేసింది. 1994లో దానికి గ్రామీ వచ్చింది. వాల్వు (పాతకాలపు గాజు గొట్టాల) మైకులతో, ఆ తరువాత నాదాన్ని నొక్కడం, దిద్దడం లేకుండా తీసిన పని అది. వింటుంటే ఒక్కో తీగ మోత ఆ పెద్ద గదిలోకి వెళ్లి, గోడను తాకి, కొంచెం ఆలస్యంగా తిరిగి రావడం తెలుస్తుంది. పది అడుగుల బొంతల గది కాసేపు కనబడకుండా పోతుంది. సీడీలో నాదాన్ని సెకనుకు 44,100 సార్లు కొలిచి, ఒక్కో కొలతను 16 బిట్ల అంకెగా దాస్తారు, అంతే. ఆ కొలతలోనే ఇంత పట్టినప్పుడు, 24 బిట్లనీ 192 కిలోహెర్ట్జులనీ అట్ట మీద పెద్ద అంకెలు చూసి పరుగెత్తడంలో అర్థం లేదని నేను అనుకుంటున్నాను. ఇప్పుడు ఫోనులోనే లాస్‌లెస్ (నాదంలో ఏదీ పోని) నాణ్యతతో పాటలు దొరుకుతున్నాయి, నేనూ చందా కట్టి వింటున్నాను. కానీ వాటిలో తరచు తాజాగా దిద్దిన ప్రతి ఒక్కటే ఉంటుంది, దానికి ముందున్న ప్రతిని ఎంచుకునే వీలు ఉండదు. పైగా ఆ లాస్‌లెస్‌ను మామూలు బ్లూటూత్ ఇయర్‌ఫోనుతో వింటే దారిలోనే కుదించుకుపోతుంది.

పాత సినిమా పాటల విషయంలో ఆయన సలహా ఒక్కటే: మోనోలో, అంటే రెండు స్పీకర్లకూ ఒకే నాదంగా తీసిన పాటను మోనోలోనే వినండి. గాయకులూ వాద్యబృందమూ ఒకేసారి వాయించి పాడి తీసిన ఆ పాటలను తరువాతి కాలంలో రెండు చెవులకు పంచి, కొన్నిటికి కొత్త దరువులు కూడా చేర్చి అమ్మారు. ఈ ఊళ్లోనే పుట్టిన సుశీల గొంతు అటువంటి ప్రతిలో ఒక చోట నిలబడక గదంతా పరుచుకుపోవడం, మోనో ప్రతిలో రెండు స్పీకర్ల నడుమ మనిషి నిలుచున్నంత కచ్చితంగా ఒకే చోట ఉండటం నేను స్వయంగా విన్నాను.

ఇక నా ఫిర్యాదులు. మొదట చెప్పిన ఆ రెండింటిలో ఒకటి అంచు వంగిన పెద్ద రికార్డు. ఎండలో రైలులో తెచ్చుకున్నది నేనే కనుక తప్పెవరిదో చెప్పలేను. రెండోది సీడీ, అది మాత్రం కొట్టువారి పొరపాటే. ఆ రోజు కరెంటు లేక వినకుండా తీసుకున్నాను. ఇంట్లో తాళాల మోత ఇసుక రాలినట్టు ఉండటంతో ల్యాప్‌టాప్‌లో ఆడాసిటీ సాఫ్ట్‌వేరుతో తెరిచి, ఏ స్థాయి నాదం ఎంత ఉందో చూపే బొమ్మను చూస్తే, 16,000 హెర్ట్జుల దగ్గర కత్తితో కోసినట్టు గీత పడి, ఆ పైన అంతా ఖాళీగా ఉంది. తక్కువ రేటు ఎంపీ3 ఫైలును ఎవరో సీడీ మీదికి ఎక్కించి, పాత అట్టలో పెట్టి ఆయనకు అంటగట్టారన్నమాట. మరుసటి నెల తీసుకువెళితే మారుమాట లేకుండా డబ్బు వెనక్కి ఇచ్చారు కానీ, అమ్మేముందు ఆయన చూసుకుని ఉండవలసింది.

జాబితా అంటూ ఏదీ లేదు, ఏ పెట్టెలో ఏముందో ఆయన జ్ఞాపకానికే తెలుసు. దుమ్ము పడనివారు ముక్కుకు గుడ్డ కట్టుకుని వెళ్లడం మంచిది. పెద్ద రికార్డుకు నేను 300 నుంచి 900 రూపాయల దాకా ఇచ్చాను, సీడీలు 150 లోపే, బేరానికి ఒప్పుకోరు. సీడీని పెన్‌డ్రైవులోకి ఎక్కించి ఇమ్మంటే ఇవ్వరు, మీ సొంత క్యాసెట్టును ఫైలుగా మార్చమంటే మాత్రం శ్రద్ధగా చేసిపెడతారు, కాకపోతే మూడు వారాలు పడుతుంది. కర్ణాటక సంగీతం, పాత సినిమా పాటలు, కొద్దిగా హిందుస్తానీ తప్ప వేరే సంగీతం ఆశించి వెళితే నిరాశే.

ఉదయం పదిన్నరకు వెళ్లడం మంచిది, మధ్యాహ్నమైతే వీధి రద్దీ గదిలోకి వచ్చేస్తుంది. దసరా వెళ్లాక పైడితల్లమ్మ జాతరలో తొలేళ్లు, సిరిమాను ఉత్సవాలు జరిగే సోమ, మంగళవారాల్లో కొట్టు తెరిచే ఉంటుంది గాని, జాతర మైకుల ముందు తంబురా ఏం వినబడుతుంది? పోయిన ఏడాది ఆ సంగతి మరచి, ఆదివారం కాక ఆ మంగళవారమే వెళ్లిన నన్ను చూసి, ఆయన రికార్డు పెట్టకుండా చేతిలో ఒక అరటిపండు పెట్టి, “ఈ రోజు పాట బయటే బాబూ” అని సిరిమాను చూడటానికి తనతో పాటు తీసుకువెళ్లారు.