నాన్నగారు మౌస్ పట్టకుండానే స్కాన్ చేస్తున్నారు: స్కాన్‌స్నాప్ ఐఎక్స్1600, తొమ్మిది నెలలు వాడాక

మా నాన్నగారు తెనాలిలో దస్తావేజు లేఖరి. ముప్పై ఏళ్లకు పైగా అదే బల్ల, అదే కుర్చీ. డ్రాఫ్టు ఆయన చేత్తో రాస్తారు, గుమాస్తా టైపు చేస్తాడు, ఆయన చదివి దిద్దుతారు. కంప్యూటరు మాత్రం ముట్టుకోరు. నేర్పాలని నేను రెండు సంక్రాంతులు ప్రయత్నించాను, మౌస్ పట్టుకుంటే ఆయన చెయ్యి బిగుసుకుపోతుంది, చూస్తే నాకే బాధనిపించి మానేశాను. అందుకే ఆఫీసుకి స్కానరు కొందామనుకున్నప్పుడు నేను వేగం చూడలేదు, బొమ్మ ఎంత స్పష్టంగా వస్తుందో చెప్పే డీపీఐ చూడలేదు. కంప్యూటరు దగ్గరికి వెళ్లకుండా ఆయన కూర్చున్న చోటి నుంచే, ఆయనే నడుపుకోగలిగేది కావాలి. అంటే స్కానరు మీదే తెర ఉండాలి. అలా వెతికి వెతికి పోయిన సంక్రాంతికి స్కాన్‌స్నాప్ ఐఎక్స్1600 తెచ్చాను. తొమ్మిది నెలలు రోజూ వాడాక రాస్తున్నాను.

అసలు కొనాల్సిన అవసరం ఎలా వచ్చిందో చెబుతాను. ఒక పార్టీ వాళ్ల (దస్తావేజు రాయించుకోవడానికి వచ్చినవాళ్లని మేం పార్టీ అంటాం) లింకు డాక్యుమెంట్లు, అంటే ఆ ఆస్తి పాత దస్తావేజులు, కాపీ తీయించడానికి ఒక జిరాక్స్ షాపుకి పంపాం. వెళ్లినవి 22 కాగితాలు, తిరిగొచ్చినవి 21. సాక్షుల సంతకాలున్న చివరి కాగితం లేదు. షాపులో అడిగితే మాకు తెలీదన్నారు. ఆ ఎండలో నాన్నగారు స్వయంగా వెళ్లి, పొద్దుటి నుంచి ఆ షాపుకి వచ్చిన వాళ్లెవరో ఒక్కొక్కరినీ కనుక్కుంటే, సాయంత్రానికి ఎవరి బ్యాంకు లోను కాగితాల్లోనో కలిసిపోయి దొరికింది. పార్టీ వాళ్లు ఒక్క మాట అనలేదు కానీ, ఆ రాత్రి నాన్నగారు అన్నం సరిగ్గా తినలేదని అమ్మ ఫోన్ చేసి చెప్పింది. ఇక ఎవరి కాగితమూ మా గడప దాటకూడదని ఆయన అప్పుడే అనుకున్నారట.

ఈ వృత్తి తెలియనివాళ్లకి, ఒక్క కాగితానికి అంత టెన్షన్ ఎందుకో అర్థం కాకపోవచ్చు. మన దగ్గర ఈసీ, అంటే ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల వివరాలిచ్చే పత్రం, ఆన్‌లైన్లో 1983 నుంచే దొరుకుతుంది, అంతకు ముందు జరిగిన లావాదేవీ కావాలంటే ఆఫీసులో పాత పుస్తకాలు వెతికించుకోవాలి. 1998లో ‘కార్డ్’ అనే కంప్యూటర్ రిజిస్ట్రేషన్ విధానం వచ్చి దస్తావేజుల్ని కంప్యూటర్లో భద్రపరచడం మొదలయ్యేదాకా, రిజిస్టరైన ప్రతిదీ పుస్తకంలోకి చేత్తో ఎత్తి రాసుకునేవాళ్లు. నకలు తెచ్చుకోవచ్చు, కాదనను, కానీ తాత సంతకంతో ఉన్న అసలు కాగితం ఇంట్లో ఒక్కటే ఉంటుంది. అలాంటిది మనల్ని నమ్మి చేతిలో పెడతారు.

ఇక మెషిన్ సంగతి. మూత వేసి ఉంటే వెడల్పు 292 మిల్లీమీటర్లు, లోతు 161, ఎత్తు 152. బరువు 3.4 కిలోలు. స్టాంపు ప్యాడు, తడి స్పాంజి, గుండుసూదుల డబ్బా, రబ్బరు ముద్రల స్టాండు, వీటన్నిటి మధ్య నాన్నగారి బల్ల మీద కుడిపక్క ఇమిడిపోయింది. పై మూత తెరిస్తే దానంతటదే ఆన్ అవుతుంది, మూసేస్తే ఆగిపోతుంది. వెనక ట్రేలో 50 కాగితాలు పడతాయి. నిమిషానికి 40 కాగితాలు, రెండు వైపులూ ఒకేసారి, 300 డీపీఐలో కలర్లో. లోపల అటొకటి ఇటొకటి రెండు సెన్సర్లున్నాయి కాబట్టి కాగితం ఒక్కసారి వెళ్తే చాలు. ఆ 22 కాగితాల దస్తావేజు దీంట్లో అర నిమిషం పైచిలుకు పని. పొడుగాటి స్టాంపు పేపరు కూడా మడత పెట్టకుండా వెళ్తుంది, 360 మిల్లీమీటర్ల పొడవు దాకా మామూలుగానే తీసుకుంటుంది.

తెర 4.3 అంగుళాలు, కలర్ టచ్. ఈ వరసలో అంతకు ముందు వచ్చిన ఐఎక్స్500కి తెర లేదు, ఒక నీలం బటనే. అది నొక్కితే ఏం జరగాలన్నది కంప్యూటర్లో ముందే పెట్టుకోవాలి. 2018లో ఐఎక్స్1500తో తెర వచ్చింది, 2021లో ఐఎక్స్1600లో వేగం పెరిగింది. ఇవన్నీ ఫుజిత్సు పేరుతో అమ్మినవే, 2023 నుంచి రికో పేరు మీద వస్తున్నాయి. పాత డబ్బా మీద ఒక పేరు, కొత్త డబ్బా మీద ఇంకో పేరు చూసి కంగారుపడకండి.

తెర మీద ఐకాన్లు ఉంటాయి, ఒక్కో ఐకాన్ వెనక ఒక్కో సెట్టింగ్. మెషిన్‌తో వచ్చేటప్పుడు ఉన్నవాటిలో మాకు పనికిరానివి తీసేసి, మూడే ఉంచాను. మొదటిది దస్తావేజు: కలర్, 300 డీపీఐ, రెండు వైపులూ, అన్నీ కలిపి ఒకే పీడీఎఫ్. రెండోది ఆధార్, పాన్ లాంటి కార్డులకి. మూడోది ఉత్తరాలకీ బిల్లులకీ. రంగు విషయంలో ఆటో వదలకుండా కలర్ అనే పెట్టాను, ఎందుకంటే ఊదారంగు వేలిముద్రా, స్టాంపు రంగూ ఉన్నవి ఉన్నట్టు రావాలి. ఖాళీ పేజీలు వాటంతటవే తీసేసే సెట్టింగ్ కూడా ఆపేశాను. పాత స్టాంపు కాగితాల వెనక అమ్మినవాళ్ల ముద్ర, తేదీ వెలిసిపోయి ఉంటాయి, మెషిన్ దాన్ని ఖాళీ అనుకుంటే ఆ వైపు పోయినట్టే. దస్తావేజులు స్కాన్ చేసే వాళ్లెవరైనా ఈ ఒక్కటి మాత్రం గుర్తుపెట్టుకోవాలి.

మొదటి రోజు నాన్నగారు చేతులు కడుక్కుని వచ్చి కూర్చున్నారు. కాగితాల ట్యాగు విప్పి, పిన్నులు ఒక్కొక్కటీ గోటితో లేపి డబ్బాలో వేసి, స్పాంజి మీద బొటనవేలు అద్దుకుని లెక్కపెట్టారు. పద్నాలుగు. మూలలు సరిచేసి ట్రేలో పెట్టి మొదటి ఐకాన్ నొక్కారు, తర్వాత స్కాన్ నొక్కారు. కాగితాలు చకచకా కిందికి దిగిపోయాయి. ఆయన తెర వైపే చూస్తూ, "అమ్మాయ్, ఇందాక వెళ్లిన కాగితం బొమ్మ ఇందులో కనపడదా?" అన్నారు.

కనపడదు. కొనేముందు తెలుసుకోవాల్సిన ముఖ్యమైన సంగతి ఇదే. తెర ఉంది కదా అని స్కాన్ అయిన పేజీ అక్కడే చూసుకోవచ్చనుకుంటే పొరపాటు. ఏ సెట్టింగ్‌తో తీయాలో ఎంచుకోవడానికి, పని జరుగుతోందో ఆగిందో, ఆగితే ఎందుకాగిందో చెప్పడానికే ఆ తెర. పేజీ బొమ్మ కంప్యూటర్లోనో ఫోన్లోనో చూసుకోవాలి. ఆఫీసు కంప్యూటర్లో సేవ్ అవ్వాలంటే అది ఆన్‌లో ఉండాలి, అందులో ఈ స్కానరు సాఫ్ట్‌వేర్ స్కాన్‌స్నాప్ హోమ్ నడుస్తూ ఉండాలి. కంప్యూటరు అసలే వద్దనుకుంటే నేరుగా క్లౌడ్‌కి పంపే దారి కూడా ఉంది, మేం వాడటం లేదు.

నాన్నగారు దీనికి వాళ్ల పద్ధతిలోనే ఒక ఏర్పాటు చేసుకున్నారు. కాగితాలు ఎన్నో పెట్టేముందే లెక్కపెట్టి పెన్సిల్‌తో చీటీ మీద రాస్తారు. స్కాన్ అయ్యాక గుమాస్తా తన సీట్లోంచి పీడీఎఫ్ తెరిచి పేజీలెన్నో పైకి చదువుతాడు. పద్నాలుగు కాగితాలకి ఇరవై ఎనిమిది రావాలి. వస్తే చీటీ మీద టిక్కు, రాకపోతే మళ్లీ మొదటి నుంచీ. ఖాళీ పేజీలు తీసే సెట్టింగ్ ఆపేసినందువల్లే ఈ లెక్క కుదురుతోంది. తొమ్మిది నెలల్లో ఎన్ని కట్టలు తిరిగాయో చెప్పలేను కానీ, ఒక్క పార్టీకి కూడా ఒక్క కాగితం తక్కువ పంపలేదు.

ఇబ్బంది పెట్టేది 32ఏ ఫారం. రిజిస్ట్రేషన్‌కి వచ్చిన వాళ్ల ఫొటోలూ వేలిముద్రలూ ఉండే కాగితం అది. అతికించిన ఫొటో దగ్గర మందం పెరుగుతుంది కదా, రెండు కాగితాలు కలిసి వెళ్తున్నాయా అని కనిపెట్టే అల్ట్రాసోనిక్ సెన్సర్ అక్కడ ఆపేస్తుంది. అది తన పని తాను చేస్తున్నట్టే. తెర మీద కారణం కనిపిస్తుంది కాబట్టి నాన్నగారికి మొదట్లో ఉన్న భయం పోయింది, తెర లేని మెషిన్ అయితే ఎర్ర లైటు చూసి నాకు హైదరాబాద్‌కి ఫోన్ కొట్టేవారు. ఇలాంటి కాగితాల కోసం ఆ తనిఖీ ఆపేసిన నాలుగో ఐకాన్ ఒకటి తర్వాత చేశాను. దాంతో ఒక్కో కాగితమే పెట్టాలి, మనమే చూసుకోవాలి.

బాగా పాతవి, మడతల దగ్గర చిరుగుతున్నవి, అంచులు పొడి రాలుతున్నవి ఇందులో వేయొద్దు. ఇది రోలర్లతో లాగే స్కానరు, ఏ కంపెనీది అయినా ఈ పద్ధతి అంతే. కారియర్ షీట్ అనే పారదర్శకమైన కవరులో పెట్టి పంపొచ్చు, అది విడిగా కొనుక్కోవాలి, మేం రెండు కొన్నాం. ఏ3 సైజు కాగితం మధ్యకి మడిచి అదే కవరులో పంపితే రెండు సగాలూ కలిపి ఒకే బొమ్మగా ఇస్తుంది, పొలం ప్లాన్లకి పనికొచ్చింది. కానీ యాభై, అరవై ఏళ్ల నాటి దస్తావేజు చేతికొస్తే నాన్నగారు కవరులో కూడా పెట్టనివ్వరు. వాటికి మా పాత ఫ్లాట్‌బెడ్ ఉంది, అద్దం మీద పరిచి మెల్లగా తీస్తాం. ఒక్క స్కానరుతో అన్నీ అయిపోతాయని నేను చెప్పను.

ప్లాస్టిక్ కార్డులు ఒక్కొక్కటిగా వెళ్తాయి, రెండు వైపులూ వస్తాయి, దాని గురించి చెప్పడానికి ఇంకేం లేదు. కానీ ఆధార్ అయినా వేలిముద్రలైనా జనం ఆస్తి. అందుకే క్లౌడ్ వద్దన్నాను, ఆఫీసు కంప్యూటర్లో ఒక ఫోల్డరు, పాస్‌వర్డ్ పెట్టిన బ్యాకప్ డ్రైవు ఒకటి, అంతే. పని అయిపోయిన పార్టీల కార్డుల స్కాన్లు నెలాఖరున తీసేస్తాం. మీరు ఇలాంటి ఆఫీసు నడుపుతుంటే దయచేసి ఈ జాగ్రత్త తీసుకోండి.

తెలుగు ఓసీఆర్, అంటే బొమ్మలోని అక్షరాల్ని గుర్తుపట్టే సౌకర్యం, ఇందులో లేదు. పీడీఎఫ్‌లో మాట వెతుక్కునే సౌకర్యం ఇంగ్లీషుకి ఉంది, మన లిపికి లేదు. చేత్తో రాసిన పాత దస్తావేజులకి ఎలాగూ పనికిరాదు, టైపు చేసినవైతే పీడీఎఫ్‌ని గూగుల్ డ్రైవ్‌లో పెట్టి గూగుల్ డాక్స్‌తో తెరిస్తే తెలుగు అక్షరాలు బాగానే పట్టుకుంటుంది. కక్షిదారుల వివరాలు లేని మా నమూనా డ్రాఫ్టులకి మాత్రమే అలా చేస్తున్నాం. మిగతావన్నీ దస్తావేజు నంబరు, సంవత్సరం కలిపి ఫైలు పేరుగా పెడుతున్నాం, నాన్నగారు నోటితో చెబుతారు, గుమాస్తా కొడతాడు.

శుభ్రం చేయడం బద్ధకిస్తే కుదరదు. పాత కాగితాల దుమ్ము లోపలి సన్నటి అద్దం మీద పడితే ప్రతి పేజీలోనూ నిలువుగా ఒక గీత వస్తుంది. ఆ గీత సర్వే నంబరు మీద పడిందనుకోండి, 1 ఏదో 7 ఏదో తెలీదు. మూత తెరిచి మెత్తటి గుడ్డతో తుడవడం నాన్నగారి పొద్దుటి పనుల్లో చేరిపోయింది, దేవుడి పటానికి దణ్ణం పెట్టుకున్నాక అదే. రోలర్లు 2 లక్షల కాగితాలకో ఏడాదికో మార్చుకోవాలని కంపెనీ లెక్క, కాగితాల లెక్కలో అయితే మాకు ఆ దరిదాపులకి వెళ్లడానికే చాలా ఏళ్లు పడుతుంది.

ఖరీదు ఎక్కువే, ఒక మంచి ఫోను కొన్నంత. నెలకి నాలుగు కాగితాలు తీసే ఇంటికి ఇది అక్కర్లేదు, ఫోన్లో స్కాన్ యాప్ చాలు. రోజూ కట్టలు తిరిగే చోట మాత్రం ఫోను పనికిరాదు, పదో కాగితానికే చెయ్యి నీడ పడుతుంది, వరస తప్పుతుంది. ఇప్పుడు కొత్తగా కొనేవాళ్లు 2025లో వచ్చిన ఐఎక్స్2500 కూడా చూడండి, తెర 5 అంగుళాలు, ట్రేలో 100 కాగితాలు పడతాయి. చత్వారం ఉన్న పెద్దవాళ్లు వాడేదైతే పెద్ద తెరకే నా ఓటు. కంప్యూటరు బాగా తెలిసిన వాళ్లే వాడతారనుకుంటే మాత్రం తెర లేనిది తక్కువలో వస్తుంది, తెర కోసం ఎక్కువ డబ్బు పోయకండి.

నాన్నగారి బీరువాలో ఆయన రాసిన డ్రాఫ్టులు సంవత్సరాల వారీగా ఎర్ర గుడ్డలో కట్టి ఉంటాయి. మధ్యాహ్నం పార్టీలు లేనప్పుడు ఒక్కో మూట విప్పుతున్నారు. నిన్న ఫోన్ చేసి 2003 అయిపోయిందన్నారు. 2004 మూట బల్ల మీద పెట్టుకున్నారట, పిన్నులన్నీ తుప్పు పట్టాయి, నెమ్మదిగా తీయాలి అన్నారు.