కాజీపేట ఫాతిమానగర్: గుడి, గదులు, మధ్యలో పావులో మన్నా

మంచిర్యాల, పెద్దపల్లి వైపు నుంచి ఫాతిమానగర్ వెళ్లాలంటే రైలే సుఖం. భాగ్యనగర్ ఎక్కితే నేరుగా కాజీపేట జంక్షన్‌లో దిగొచ్చు. బస్సులో జాగా దొరికినా హన్మకొండ దాకా పోయి, మళ్లీ ఆటో పట్టుకుని వెనక్కి రావాలి. స్టేషన్ బయట షేర్ ఆటోలు బోలెడు. పెట్టెలు చూస్తే మాత్రం "స్పెషల్‌గా పోదాం మేడమ్" అని వెంటపడతారు. రోడ్డు మీదికి నాలుగడుగులు నడిచి ఎక్కితే సగానికి సగం తగ్గుతుంది.

అమ్మకు అక్కడి క్యాథలిక్ గుడిలో ఫాతిమా మాత దగ్గర మొక్కు ఉంది. నాకేమో ఫాదర్ పావులో మన్నా మీద కొన్నాళ్లుగా ఆసక్తి. వరంగల్ మేత్రాసనంలో, అంటే బిషప్ గారి ఏలుబడిలోని ప్రాంతంలో, పెద్దవాళ్లను కదిపితే మొదటి పీఠాధిపతి (బిషప్) అల్ఫోన్సో బెరెట్టా గారి పేరు వెంటనే చెబుతారు. ఆయన పీమే అనే ఇటలీ మిషనరీ సభ నుంచి వచ్చారు. అదే సభను పదేళ్లు నడిపి, దానికి తోడుగా కన్యస్త్రీల సభ పెట్టించిన మన్నా పేరెత్తితే "ఎవరమ్మా ఆయన?" అంటారు. గుడి ఆవరణలో కలిసిన ఒక ఉపదేశి (మతబోధ చేసేవారు) గారిదీ అదే ప్రశ్న. పక్కనే ఉన్న సిస్టర్ నవ్వి, "ధన్యుడు పావులో మన్నా అండీ, నిష్కళంక మాత మిషనరీ సిస్టర్ల స్థాపకులు" అని అందించారు.

మన్నా 1872లో ఇటలీ దక్షిణాన అవెల్లీనోలో పుట్టారు. 1894లో మిలాన్‌లో గురుపట్టం పొంది, అంటే ఫాదర్ అయి, మరుసటి ఏడు బర్మా బండెక్కారు. టౌంగూ ప్రాంతపు కొండజాతుల మధ్య పని. ఒళ్లు సహకరించలేదు. జబ్బు పడి ఇటలీకి పోవడం, కాస్త కోలుకుని మళ్లీ రావడం, ఇలా లాక్కొచ్చి 1907లో ఇక లాభం లేదని శాశ్వతంగా వెనక్కి వెళ్లిపోయారు. తాను విఫలమైన మిషనరీనని ఆయనే చెప్పుకున్నారు. నాకు ఈయన నచ్చింది ఇక్కడే. ఇంటికి చేరినవాడు మంచం పట్టుకుని కూర్చోలేదు. పత్రికకు సంపాదకుడయ్యారు, ఊళ్లలోని గురువులందరికీ మిషన్ల పట్టింపు ఉండాలని 1916లో ఒక సంఘం పెట్టారు. 1924లో తన మిషనరీ సభకు సుపీరియర్ జనరల్, అంటే మొత్తానికి పెద్ద, అయ్యారు.

1927 నుంచి 1929 దాకా మిషన్లన్నీ చుట్టి వచ్చి ఆయన రాసింది చదివితే, ఆ కాలపు యూరప్ గురువు ఇంత సూటిగా రాశారా అనిపిస్తుంది. మేం మోసుకెళ్తున్న పడమటి అలవాట్లే సువార్తకు అడ్డం పడుతున్నాయి, స్థానిక గురువుల చేతికి పని అప్పగించాలి అన్నది ఆయన వాదన. ఆ మాటలు తలలో పెట్టుకుని ఫాతిమానగర్ గుడిలో కూర్చుంటే చూపు మారుతుంది. చెప్పులు బయటే విడిచి, కొంగు తల మీదికి లాక్కుని, నేల మీద కూర్చుని తెలుగులో జపమాల చెబుతున్న ఆడవాళ్లను చూసి, ఈ పరీక్షలో ఈ ఊరు పాసైందనుకున్నాను. బెరెట్టా గారి తర్వాత తుమ్మ బాల గారితో మొదలై పీఠం తెలుగువారి చేతికే వచ్చింది.

సిస్టర్ల సభ 1936లో మిలాన్‌లో మొదలైంది. మదర్ జ్యుసెప్పీనా దోనెస్ అందులో సహ స్థాపకురాలు. ఇళ్లలోపలి ఆడవాళ్ల దగ్గరికి, బాలింతల దగ్గరికి మగ గురువులు పోలేని రోజులవి. ఆ అవసరం మన దగ్గర వేరే చెప్పాలా! మన్నా 1952 సెప్టెంబర్‌లో నేపుల్స్‌లో కన్నుమూశారు. అదే ఏడు డిసెంబర్‌లో వరంగల్ మేత్రాసనం ఏర్పడింది. 2001లో ఆయన్ను ధన్యుడిగా, అంటే పునీతుడికి ఒక మెట్టు కింద, ప్రకటించారు.

ఇక బస సంగతి. స్టేషన్ దగ్గరి ఒక లాడ్జిలో దిగాం. రేటు తక్కువే, కానీ రాత్రంతా రైళ్ల కూతలు, బాత్రూంలో వేడినీళ్లకు రెండుసార్లు కిందికి దిగి అడగాలి. పెద్దవాళ్లతో వెళ్తే హన్మకొండ నక్కలగుట్ట వైపు తీసుకోవడం మేలు. డబ్బు కాస్త ఎక్కువైనా లిఫ్టు ఉంటుంది, తిండికి వెతుక్కోనక్కర్లేదు. టూరిజం వాళ్ల హరిత కాకతీయ కూడా అటే. సిస్టర్ల మఠంలో గది దొరుకుతుందన్న ఆశతో బయల్దేరకండి, అవి సత్రాలు కావు. తెలిసిన విచారణ గురువుల (మీ ఊరి గుడి ఫాదర్ల) ద్వారా ముందే మాట్లాడుకుంటే వేరే సంగతి.

పూజ వేళలు మామూలు రోజుల్లో ఒకరకం, ఆదివారం ఒకరకం. ముందురోజే గుడి దగ్గర కనుక్కోండి. ఆదివారం మొదటి పూజకు వెళ్తే మోకాళ్లేయడానికి చోటుంటుంది. తర్వాతి పూజకు స్కూలు పిల్లలు, కుటుంబాలతో నిండిపోతుంది, పార్కింగ్ పెద్ద టెన్షన్. మన్నా గురించి తెలుగులో పుస్తకం కొనాలని అడిగాను, దొరకలేదు. జపమాలలు, పటాలు, క్యాలెండర్లు మాత్రం కావలసినన్ని. కనీసం ఒక చిన్న కరపత్రమైనా పెడితే బాగుండేది.

సాయంత్రం మిగిలితే వేయిస్తంభాల గుడి, భద్రకాళి చెరువు గట్టు ఆటోలో అయిపోతాయి. కాజీపేట దర్గా ఇంకా దగ్గర. ఉర్సు రోజుల్లో మాత్రం గదుల కోసం ముందే ఫోన్ చేసుకుని బయల్దేరండి.